చిన్న ఊళ్ళో చదువుకుంటున్నారా? ఫుడ్ ప్యాంట్రీని ఇలా వెతుక్కోండి

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం వాయవ్య మూలన మేరీవిల్ అని ఓ ఊరుంది. జనాభా పదివేల పైచిలుకు. అక్కడి యూనివర్సిటీ పుణ్యమా అని మన పిల్లలు బాగానే కనిపిస్తారు. నేను ఎమ్మెస్ చేసిందీ అక్కడే. రెండో సెమిస్టర్ ఫీజు కట్టాక అకౌంట్లో నలభై డాలర్లు మిగిలాయి. ఇంటికి ఫోన్ చేసి అడగడానికి నోరు రాలేదు. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుకి నాన్న అప్పటికే వడ్డీ కడుతున్నాడు. తిండి సరుకులు ఉచితంగా ఇచ్చే ఫుడ్ ప్యాంట్రీల గురించి ఇక్కడ రాసినవన్నీ ఆ నెలలో నేర్చుకున్నవే.

ముందు మీ క్యాంపస్‌లో అడగండి. ఇప్పుడు చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకి ప్యాంట్రీ ఉంటోంది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 1993లోనే విద్యార్థులు ఇలాంటిది మొదలుపెట్టారు. సాధారణంగా స్టూడెంట్ ఐడీ చాలు.

అక్కడ లేకపోతే సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పే హెల్ప్‌లైన్ 211కి ఫోన్ చేసి జిప్ కోడ్ చెప్పండి (మన పిన్‌కోడ్ లాంటిది, మాది 64468). దగ్గర్లో ఎవరు, ఏ రోజు ఇస్తారో చెబుతారు. చిన్న ఊళ్ళలో ఆ వివరాలు ఒక్కోసారి పాతబడి ఉంటాయి. అందుకే మీ ప్రాంతపు ఫుడ్ బ్యాంక్‌కి కూడా ఓ ఫోన్ కొట్టండి. ఫుడ్ బ్యాంక్, ఫుడ్ ప్యాంట్రీ ఒకటి కాదు. మొదటిది మన సివిల్ సప్లయిస్ గోడౌన్ అనుకుంటే రెండోది రేషన్ డిపో. మా వైపు గోడౌన్ సెయింట్ జోసెఫ్‌లోని సెకండ్ హార్వెస్ట్. ప్యాంట్రీ నడిపే ఏ చర్చికి సరుకు వెళ్తుందో, సరుకుల ట్రక్కు ఏ ఊరికి ఏ తారీఖున వస్తుందో వాళ్ళకి తెలుస్తుంది. "మా కౌంటీలో ట్రక్కు ఎప్పుడు?" అని సూటిగా అడగండి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). లైబ్రరీలో, లాండ్రీ షాపులో అతికించిన కాగితాలు కూడా చదవండి. గూగుల్ మ్యాప్‌లో లేనివి అక్కడ దొరుకుతాయి.

టైమింగ్స్ విషయంలో నేను బోల్తా పడ్డాను. నెట్‌లో బుధవారం అని చూసి, మంచులో మైలున్నర నడిచి వెళ్తే తలుపుకి తాళం. అది పాత టైంటేబుల్ అట. ఇలాంటివి వారానికి రెండు మూడు గంటలే తెరుస్తారు, నడిపేది ఎక్కువగా రిటైరైన పెద్దవాళ్ళు. మంచు పడితే తెరవరు. బయల్దేరే ముందు ఫోన్ చేయండి. సంచులు సరిపోవు, డబ్బాలు బరువు. నేను శంషాబాద్‌లో 23 కిలోలు తూయించి తెచ్చిన సూట్‌కేస్‌నే లాక్కెళ్ళేవాణ్ణి. చక్రాలు మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు, బురదతో పాడయ్యాయనుకోండి, అది వేరే సంగతి.

లోపల ఒక ఫారం ఇస్తారు. పేరు, అడ్రస్, ఇంట్లో ఎంతమంది, ఆదాయం ఫలానా మొత్తంకంటే తక్కువ అని సంతకం. నన్ను వీసా గురించి అడగలేదు. అడ్రస్ కోసం కరెంటు బిల్లో, లీజు కాగితమో దగ్గర పెట్టుకోండి. "ఇంట్లో ఎంతమంది" అన్నచోట మనవాళ్ళు తడబడతారు. నలుగురు రూమ్మేట్లు కలిసి వండుకుని ఖర్చు పంచుకుంటుంటే నలుగురి తరఫున ఒకరు వెళ్ళండి. నలుగురూ విడివిడిగా వెళ్ళి నాలుగు వాటాలు తెచ్చుకోవడం మాత్రం వద్దు. చిన్న ఊరు, వాళ్ళకి ముఖాలు గుర్తుంటాయి. తర్వాత వచ్చే జూనియర్లకి ఇబ్బంది.

సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే స్నాప్ కార్డు వేరు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్ళకి అది రాదు, అప్లై చేయొద్దు. భార్య గర్భవతి అయినా, అయిదేళ్ళలోపు పాప ఉన్నా కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో 'విక్' (తల్లులకి, చిన్నపిల్లలకి పోషకాహారం ఇచ్చే పథకం) గురించి అడగండి. వీసా గురించి టెన్షన్ ఉంటే ముందు యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్ళండి.

ఇక సరుకులు. మీల్‌మేకరో, కందిపప్పో ఉంటుందని ఆశపడకండి. ఎండు చిక్కుళ్ళు, అలసందలు మాత్రం అరల్లో మిగిలిపోతుంటాయి. ఇంకొంచెం తీసుకోవచ్చా అని అడిగితే నాకు సంతోషంగా ఇచ్చారు. అలసందలు రాత్రి నానబెట్టి వడలు వేశాం, రూమంతా పండగే. డబ్బా శనగలు రెండుసార్లు కడిగి తాలింపు పెట్టండి, ఉప్పు ఎక్కువ ఉంటుంది. డబ్బా పాలకూర పప్పులోకి పనికొస్తుంది. పీనట్ బటర్‌లో ఎండుమిర్చి, చింతపండు వేసి రుబ్బితే పల్లీ పచ్చడికి దగ్గరగా వస్తుంది. తీపి లేనిది చూసుకోండి.

శాకాహారులు లేబుల్ చదవాలి. రిఫ్రైడ్ బీన్స్‌లో (మెదిపిన చిక్కుళ్ళు) 'లార్డ్' అని ఉంటే అది పంది కొవ్వు. కొన్ని రైస్ ప్యాకెట్లలో చికెన్ పొడి, జెల్లీ పొడిలో జెలటిన్ ఉంటాయి. "తినం" అని తిరిగి ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. 'బెస్ట్ బై' తేదీ దాటిన డబ్బా చూసి కంగారుపడకండి, అది రుచికి పెట్టిన గడువు. ఉబ్బిన డబ్బాని మాత్రం పారేయండి.

డబ్బాలు కోసే కట్టర్ ముందే కొనుక్కోండి. మేం మొదటిరోజు బీన్స్ డబ్బాని స్క్రూడ్రైవర్‌తో పొడిచాం. గోడ మీద మరకలకి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో పాతిక డాలర్లు కోసుకున్నారు.