పాత కారు గేర్ బాక్సు: విప్పే ముందే వినండి

కారు నుంచి దింపి బల్ల మీద పెట్టిన గేర్ బాక్సు ఏ చప్పుడూ చేయదు. అందుకే ఏ గేరులో మోగుతోంది, క్లచ్ తొక్కితే ఆగుతోందా, పెరుగుతోందా అన్నది కారులో ఉండగానే పరీక్షించి రాసిపెట్టుకోవాలి. ఈ పని వదిలేసి స్పానర్లు పట్టుకున్నవారు చివరికి బాగున్నవీ బాగులేనివీ కలిపి అన్నీ మార్చేస్తారు. కింది విషయాలు వెనుక చక్రాలను నడిపే, టాప్ గేరు నేరుగా కలిసే పాత తరహా బాక్సులకు వర్తిస్తాయి.

గేరు వేస్తుంటే గరగరమంటోంది

ముందుగా అనుమానించాల్సింది క్లచ్‌ను. ఇంజిను నడుస్తుండగా పెడల్ పూర్తిగా తొక్కి, కొన్ని క్షణాలు ఆగి రివర్స్ వేయండి. ఈ బాక్సుల్లో రివర్స్‌కు సాధారణంగా సింక్రో (గేరు పడే ముందు తిరిగే భాగాల వేగాలను సమం చేసే రింగు ఏర్పాటు) ఉండదు. అంతసేపు ఆగినా పళ్లు గీసుకుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. హైడ్రాలిక్ గొట్టంలో గాలి చేరిందేమో, సిలిండర్ కారుతోందేమో, పెడల్ వదులు ఎక్కువైందేమో చూడండి. చాలాసార్లు బాక్సు దింపకుండానే పని అయిపోతుంది.

రివర్స్ శుభ్రంగా పడి, మూడు నుంచి రెండుకు దిగేటప్పుడే గరగరమంటే సింక్రో రింగు అరిగినట్టే. విప్పాక రింగును గేరు కోన్ (శంకువు ఆకారపు భాగం) మీద చేత్తో నొక్కి తిప్పండి. జారకుండా పట్టుకోవాలి. రింగుకూ గేరు డాగ్ పళ్లకూ (గేరును పట్టి ఉంచే పక్క పళ్లు) మధ్య ఖాళీని ఫీలర్ గేజితో (సన్నని రేకుల కొలత పనిముట్టు) కొలవండి. మాన్యువల్ చెప్పినదానికన్నా తక్కువుంటే కొత్త రింగు వేయాల్సిందే. ఆయిల్ కూడా చూడండి. జీఎల్-5 రకం గేర్ ఆయిల్ జారుడు ఎక్కువ కాబట్టి సింక్రో సరిగా పట్టకపోవచ్చు, పైగా అందులోని గంధకపు రసాయనాలు ఇత్తడి, కంచు రింగులను తినేయగలవు. కొన్ని పాత బాక్సులకు తయారీదారు చెప్పింది మామూలు ఇంజిన్ ఆయిలే.

న్యూట్రల్‌లో హోరు, క్లచ్ తొక్కితే మాయం

ఇది బేరింగుల గోల. ఏ బేరింగో తేల్చడానికి కారు నడపండి. టాప్ గేరులో శక్తి ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ వైపు నుంచి వచ్చే కడ్డీ) నుంచి మెయిన్ షాఫ్ట్‌కు (చక్రాల వైపు పోయే కడ్డీ) నేరుగా పోతుంది. లే షాఫ్ట్ (కింది గేర్లలో ఆ రెండింటి మధ్య శక్తిని అందించే కడ్డీ) గేర్లు తిరుగుతాయి గానీ బరువు మోయవు. కాబట్టి కింది గేర్లలో హోరు ఉండి టాప్‌లో తగ్గితే లే షాఫ్ట్. టాప్‌తో సహా అన్నింటిలో ఉంటే ఇన్‌పుట్ లేదా మెయిన్ షాఫ్ట్ బేరింగ్. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే వచ్చే చప్పుడు క్లచ్‌ను నొక్కి విడిపించే రిలీజ్ బేరింగ్‌ది. సింక్రో లేని మొదటి గేరు, రివర్స్‌ల కూత మాత్రం నేరుగా కోసిన పళ్లది, అది జబ్బు కాదు.

లే షాఫ్ట్ బయటికి తీశాక రోలర్లు నడిచే చోట గోరుతో గీయండి. గోరు తగులుకుంటే షాఫ్టూ నీడిల్ రోలర్లూ (సూదుల్లాంటి సన్నని రోలర్లు) కలిపే మార్చాలి. గుంతలు పడిన షాఫ్ట్ మీద కొత్త రోలర్లు వేస్తే డబ్బు దండగ. గేరు పళ్ల గట్టి పై పొర లేచిపోయి ఉంటే దానితో కలిసే గేరునూ గమనించండి.

తిరిగి కూర్చడంలో అసలు చిక్కు ఇక్కడే. రోలర్లు తీసేటప్పుడే లెక్కపెట్టుకోండి. లే షాఫ్ట్ అంతే మందం ఉండి, దాని మీద తిరిగే గేర్ల సమూహం కన్నా కాస్త పొట్టిగా ఉండే డమ్మీ కడ్డీ ఒకటి కోయించుకోండి. దాని చుట్టూ రోలర్లను గ్రీజుతో అతికించి, గేర్ల సమూహాన్ని పెట్టె అడుగున పడుకోబెట్టండి. మెయిన్, ఇన్‌పుట్ షాఫ్ట్‌లు కూర్చున్నాక ఆ సమూహాన్ని పైకెత్తి, అసలు షాఫ్ట్‌ను తోస్తే డమ్మీ రెండోవైపు నుంచి బయటికి వస్తుంది. థ్రస్ట్ వాషర్లు (గేర్ల సమూహం రెండు చివర్లా ఉండేవి) పక్కకు జరగకుండా చూసుకుని, గేర్లు ముందుకూ వెనక్కూ ఎంత కదులుతున్నాయో కొలిచి, మాన్యువల్ అంకెకు సరిపడే మందం వాషర్ వేయండి. బేరింగును షాఫ్ట్ మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగునే నొక్కాలి, పెట్టెలోకి దించేటప్పుడు బయటి రింగునే. తేడా చేస్తే కొత్త బేరింగ్ మొదటి రోజే మోగుతుంది.

యాక్సిలరేటర్ వదలగానే గేరు జారిపోతోంది

ఇంజిను, గేర్ బాక్సు రబ్బరు మౌంట్లు చూడండి, చవకైన కారణం అదే. తరువాత గేరును జరిపి నిలిపే సెలెక్టర్ స్ప్రింగు, బంతి, ఫోర్కు. ఇవన్నీ బాగుంటే డాగ్ పళ్ల అంచులు గుండ్రబడి ఉంటాయి. వాటిని ఆకురాయితో సరిచేయాలని చూడకండి. హబ్బు, గేరు మార్చండి.

కూర్చాక రెండు గేర్లు ఒకేసారి పడి బాక్సు బిగుసుకుపోతే, సెలెక్టర్ కడ్డీల మధ్య ఉండే ఇంటర్‌లాక్ పిన్ను మరచిపోయారు. మళ్లీ విప్పక తప్పదు.

ఆయిల్ కారుతోంది

సీలు కొనే ముందు గాలి రంధ్రం పూడిందేమో చూడండి. లోపల ఒత్తిడి పెరిగితే కొత్త సీలూ కారుతుంది.

కారుకు బిగించే ముందు ఆయిల్ పట్టించి, ఇన్‌పుట్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ ప్రతి గేరూ వేసి చూడండి. ఎక్కించేటప్పుడు కారు స్టాండ్ల మీద ఉండాలి, జాక్ మీద కాదు. బోల్టులు బిగిసేదాకా బాక్సు బరువును ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడనివ్వకండి, క్లచ్ ప్లేటు వంగిపోతుంది.