డెల్టా పట్టణాల్లో విద్యార్థికి అద్దె ఇల్లు: వెతకడం, చూడడం, మాట్లాడుకోవడం

గోదావరి డెల్టాలో చదువుకోవడానికి వచ్చే విద్యార్థి ఇల్లు వెతకడం మొదలుపెట్టే ముందు, తన కళాశాల నిజంగా ఎక్కడుందో పటం మీద చూసుకోవాలి. కాకినాడ జేఎన్‌టీయూ ఊళ్ళోనే, నాగమల్లితోట దగ్గర ఉంది కనుక రమణయ్యపేట, సర్పవరం జంక్షన్ వైపు గది తీసుకుంటే సైకిలుతో సరిపోతుంది. అదే ఉప్పుటేరు అవతల జగన్నాథపురంలో అద్దె తక్కువని చేరితే రోజూ ఊరంతా దాటాల్సి వస్తుంది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయాన్ని అందరూ రాజమండ్రిదనే అంటారు గానీ, అది రాజానగరం దగ్గర జాతీయ రహదారి పక్కన ఉంది. ఉద్యాన విశ్వవిద్యాలయం తాడేపల్లిగూడెంలో కాక వెంకట్రామన్నగూడెంలో ఉంది. సూరంపాలెం కళాశాలలకు కాకినాడ నుంచీ రాజమండ్రి నుంచీ కూడా విద్యార్థులు బస్సుల్లో వస్తారు. ఇలాంటి చోట్ల కళాశాల బస్సు ఏ వీధి మలుపులో ఆగుతుందో తెలుసుకొని, ఆ మలుపుకు పది నిమిషాల నడకలో ఇల్లు చూసుకోవడం మంచిది.

ఎప్పుడు వెతకాలన్నది ఎక్కడ వెతకాలన్నంత ముఖ్యం. ఇంజినీరింగ్ సీట్ల కేటాయింపు పూర్తయ్యాక విద్యార్థులందరూ ఒకే పదిహేను రోజుల్లో ఊరి మీద పడతారు కాబట్టి, ఆ సమయంలో ఇంటివారు చెప్పిన అద్దెకే గది పోతుంది. అయితే ఈ ప్రాంతంలో కుటుంబాలు ఆషాఢ మాసంలో ఇల్లు మారవు. సాధారణంగా జూన్ చివర మొదలై జూలైలో ముగిసే ఆ నెలలో (ఆషాఢానికి ముందు అధికమాసం వచ్చిన ఏడాది అది మరికొంత ఆలస్యమవుతుంది) ఖాళీ అయిన పోర్షన్లు శ్రావణం వచ్చేదాకా తాళం వేసి ఉంటాయి. పట్టింపు లేని విద్యార్థి ఆ రోజుల్లో వెళ్ళి అడిగితే, నెల అద్దె ఊరకే పోతోందన్న దిగులుతో ఉన్న యజమాని కాస్త తగ్గే అవకాశం ఉంది. శ్రావణంలో చేరతామని ముందే మాట ఇచ్చిన కుటుంబాలు కూడా ఉంటాయి కనుక, ఇల్లు ఎవరికైనా ఖాయమైందా అని మొదటే అడగాలి. అడ్వాన్సు ఇవ్వడానికి మంగళవారం, అమావాస్య వద్దని ఇంటివారు అంటే వాదించవద్దు. మర్నాడు ఇవ్వడం వల్ల పోయేదేమీ లేదు. రాజమండ్రిలో చేరేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి: 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రేవులకు దగ్గరి వీధుల్లో ఇల్లు తీసుకుంటే, పుష్కరాల రోజుల్లో గది ఖాళీ చేయమని అడగకూడదన్న షరతు ముందే రాయించుకోవడం మేలు.

ఫోన్‌లోని ప్రకటనల్లో ఈ ఊళ్ళ ఇళ్ళు కొన్నే కనిపిస్తాయి. మిగిలినవి గేటుకు వేలాడే టులెట్ బోర్డుతోనో, నోటిమాటతోనో దొరుకుతాయి. ఏ పోర్షను ఖాళీ అవుతోందో ఇస్త్రీ బండివారికీ, పాలు పోసేవారికీ, వీధి చివరి కిరాణా కొట్టు వారికీ, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కూ యజమాని బోర్డు కట్టకముందే తెలుస్తుంది. కళాశాల దగ్గరి మెస్సులో రెండు రోజులు భోజనం చేస్తే, ఆఖరి సంవత్సరం వారు ఖాళీ చేయబోయే గదుల వివరాలు చాలావరకు తెలిసిపోతాయి. బ్రోకరు ద్వారా వెళితే అతని రుసుము ఎంతో, ఎప్పుడు ఇవ్వాలో ఇల్లు చూడకముందే తేల్చుకోవాలి. ఇల్లు చూపించకుండా టోకెన్ పంపమనేవారికి, డబ్బు మీకే వస్తుందంటూ క్యూఆర్ కోడ్ పంపి పిన్ నొక్కమనేవారికి జవాబు ఇవ్వనవసరం లేదు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

ఇల్లు చూసేటప్పుడు అందరూ ముందు అద్దె అడుగుతారు. డెల్టాలో ముందు అడగవలసింది నీళ్ళ గురించి. చుట్టూ కాలువలే ఉన్నా, సముద్రానికి దగ్గరగా ఉన్న కాకినాడలోనూ, చెరువుల మధ్య ఉన్న భీమవరంలోనూ చాలా చోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. బాత్రూమ్ కొళాయి తిప్పి చేతికి సబ్బు రుద్దితే నురగ వస్తుందో లేదో, కొళాయి మూతి చుట్టూ తెల్లటి పొర కట్టిందో లేదో చూస్తే సంగతి తెలుస్తుంది. మునిసిపాలిటీ కొళాయి ఉందంటే సరిపోదు. అది ఏ వేళకు వస్తుందో, పై అంతస్తుకు ఎక్కుతుందో లేక మోటారు వేసి ఎక్కించుకోవాలో, ఆ మోటారు మీట ఎవరి ఇంట్లో ఉందో అడగాలి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక వేసవిలో మరమ్మతుల కోసం ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకు నీరు ఆపేస్తారు. పట్టణాలు ముందే నింపి పెట్టుకున్న మంచినీటి చెరువుల మీద జూన్ దాకా గడపాలి కాబట్టి, సరిగ్గా పరీక్షల రోజుల్లో కొళాయి సన్నబడుతుంది. గత వేసవిలో ఎలా గడిచిందని యజమానిని అడిగితే ఇబ్బందేమీ లేదంటారు. పక్క పోర్షను వారిని అడగాలి. తాగడానికి 20 లీటర్ల డబ్బా కొనక తప్పని వీధి అయితే, మూడో అంతస్తుకు డబ్బా మోసేవారు వస్తారో లేదో కూడా కనుక్కోవాలి.

రెండో సంగతి పల్లం. రోడ్డు వేసిన ప్రతిసారీ దాని ఎత్తు పెరుగుతుంది, ఇల్లు మాత్రం పాత ఎత్తులోనే ఉండిపోతుంది. అందువల్ల పాత పెంకుటిళ్ళూ, పాత డాబాల కింది పోర్షన్లూ వీధి కంటే కిందికి దిగిపోయి, గంటసేపు గట్టి వాన కురిస్తే వాకిట్లోకి మురుగునీరు వచ్చే స్థితిలో ఉంటాయి. గేటు దగ్గర నిలబడి వీధి ఎత్తును గడప ఎత్తుతో పోల్చి చూడండి. గోడల అడుగున అడుగు ఎత్తున చెమ్మ గీత ఉన్నా, కొత్తగా సున్నం వేసిన చోటే మళ్ళీ పొట్టు రాలుతున్నా, ఆ గదిలో పుస్తకాలు నేల మీద పెట్టుకునే వీలుండదు. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్‌కు దగ్గరి ఇల్లయితే సాయంత్రం ఆరు దాటాక ఒకసారి వెళ్ళి, దోమలూ వాసనా ఎలా ఉన్నాయో, కిటికీలకు జాలీ ఉందో లేదో చూడాలి. నాకైతే వీలున్నంతవరకు మొదటి అంతస్తే నయమనిపిస్తుంది. మేడ మీద రేకుల గది అన్నిటికంటే చవక, అయితే ఇక్కడ తుపానులు తరచుగా వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో చదువు మధ్యలో ఉంటుంది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమను ఏం చేసిందో చూసిన పెద్దలెవరూ రేకుల కింద పిల్లలను ఉంచడానికి ఇష్టపడరు.

కరెంటు విషయంలో ప్రత్యేకమైన మీటరు ఉన్న పోర్షనుకే మొగ్గు చూపాలి. ఇంటి మొత్తానికి ఒకే సర్వీసు ఉండి, లోపల చిన్న మీటర్లు పెట్టిన చోట, అందరి వాడకం కలిసి పై శ్లాబులోకి వెళుతుంది కనుక తక్కువ వాడేవారూ ఎక్కువ ధర కట్టవలసి వస్తుంది. ప్రత్యేక సర్వీసు ఉంటే దాని నంబరు రాసుకొని, విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు పాత బకాయిలేమైనా ఉన్నాయేమో చేరకముందే చూసుకోవచ్చు.

ఇక ఇంటివారితో మాట్లాడడం. "బ్యాచిలర్లకు ఇవ్వమండి" అనే మాట అబ్బాయిలకు తరచుగా వినిపిస్తుంది. అమ్మో నాన్నో వెంట వచ్చి, "మా వాడండి, చదువు తప్ప మరో ధ్యాస లేదండి" అని చెబితే కొన్ని తలుపులు తెరుచుకుంటాయి. కులం అడిగేవారూ ఉంటారు. ఆ ప్రశ్నతోనే మాట మొదలుపెట్టే ఇంట్లో మూడు నాలుగేళ్ళు ఉండడం సుఖమా కాదా అన్నది విద్యార్థే తేల్చుకోవాలి. నీచు వండవచ్చా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, స్నేహితులు రాత్రి ఉండవచ్చా, బండి లోపల పెట్టుకోవచ్చా అన్నవి మొహమాటపడకుండా మొదటి రోజే అడగాలి. అమ్మాయిలు చూసే ఇంటికి మెట్లు విడిగా ఉన్నాయా, మేడ మీదికి ఇంకెవరెవరు వస్తారు, తలుపుకు లోపలి గడియ గట్టిగా ఉందా అన్నవి కూడా చూడాలి.

మాట కుదిరాక ఒప్పందం కాగితం మీదే ఉండాలి. వాడుకలో పదకొండు నెలలకే స్టాంపు కాగితం మీద రాసుకుంటారు. అద్దె, అడ్వాన్సు, నీళ్ళ మోటారు కరెంటు ఎవరిది, మెయింటెనెన్సు అద్దెలో కలిసిందా, ఖాళీ చేయడానికి ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, పదకొండు నెలల తరువాత అద్దె ఎంత పెంచుతారు అన్నవన్నీ అందులో ఉండాలి. ముగ్గురు కలిసి తీసుకుంటే ముగ్గురి పేర్లూ రాయించాలి, లేకపోతే మధ్యలో ఒకరు వెళ్ళిపోయినప్పుడు భారమంతా సంతకం పెట్టినవారి మీద పడుతుంది. అడ్వాన్సు బ్యాంకు ద్వారా పంపాలి. ఆధార్ నకలు ఇవ్వవలసి వస్తే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు.

వంట చేసుకునేవారు గ్యాసు కనెక్షన్ కోసం తిరగనవసరం లేదు. ఇండేన్ వారు ఛోటూ పేరుతో అమ్మే 5 కిలోల సిలిండరుకు గుర్తింపు కార్డు ఉంటే చాలు, స్థానిక చిరునామా రుజువు అడగరు. చేరిన రోజే ఖాళీ గది గోడలూ, కొళాయిలూ, మీటరు రీడింగూ ఫొటోలు తీసి యజమానికి వాట్సాప్‌లో పంపితే ఆ తేదీ ఇద్దరి దగ్గరా ఉంటుంది.

వేసవి సెలవుల్లో గది ఉంచుకోవాలా వదులుకోవాలా అన్నది మార్చిలోనే మాట్లాడుకోవాలి. సామాను పెట్టుకున్నందుకు సగం అద్దెకు ఒప్పుకునే యజమానులు ఉన్నారు గానీ, అడగనిదే వారంతట వారు తగ్గించరు. ఖాళీ చేసేటప్పుడు గోడలకు సున్నం వేయించే పేరిట అడ్వాన్సులోంచి నెల అద్దె దాకా పట్టుకోవడం చాలా ఇళ్ళలో వాడుక కనుక, ఆ మొత్తం ఎంతో ఒప్పందంలోనే రాయించి, ఆఖరి కరెంటు బిల్లు కట్టిన రసీదు చూపి, మిగిలిన సొమ్ము తాళం చెవి ఇచ్చే రోజునే తీసుకోవాలి.