బావిలో ఈదే పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్లేటప్పుడు

కర్నూలు, కడప, అనంతపురం వైపు ఈత బాగా వచ్చిన పిల్లలు తక్కువేం కాదు. నడుముకు బెండ్లు కట్టుకుని బావిలో నేర్చినవాళ్లు, ఎండాకాలం కేసీ (కర్నూలు–కడప) కాలువ వదలనివాళ్లు, పట్నంలో ఫీజు కట్టి స్విమ్మింగ్ పూల్‌కు పోయేవాళ్లు ఉంటారు. సముద్రం దగ్గర ఎక్కువ కనిపెట్టుకోవాల్సింది వీళ్లనే. నీళ్లంటే జంకే పిల్ల మోకాలి లోతు దాటదు. ఈత వచ్చిన పిల్ల ఆగదు. బావిలో ఎటు బార వేసినా గోడ అందుతుంది, అలసిపోతే మెట్టు పట్టుకోవచ్చు. సముద్రంలో పట్టుకోడానికి ఏమీ ఉండదు. పైగా పొద్దున నడుము లోతున్న చోటు మధ్యాహ్నానికి గొంతు లోతు కావచ్చు. అందుకే అక్కడ పిల్లకు ఎంత ఈత వచ్చో చూసి కాదు, ఆ పూట నీళ్లు ఎలా ఉన్నాయో చూసి దింపాలి.

ముందు తేదీ, తర్వాత ఊరు

తూర్పు తీరానికైతే సంక్రాంతి సెలవులే మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపానులు ఉంటాయి కాబట్టి దసరా సెలవుల్లో రూమ్ బుక్ చేసినా నీళ్లలో దిగే యోగం ఉంటుందో లేదో చెప్పలేం. వేసవి సెలవుల్లో పోవచ్చు, కానీ పొద్దున తొమ్మిది దాటితే ఇసుక కాలుతుంది. కార్తీక పౌర్ణమికి మాత్రం పిల్లలతో వద్దు. సముద్రస్నానాల జనంలో పిల్ల తల కనిపించదు, పైగా పౌర్ణమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ.

కడప నుంచి దగ్గరి తీరం నెల్లూరు వైపే. బద్వేలు, ఆత్మకూరు మీదుగా 67వ నంబరు జాతీయ రహదారి నెల్లూరుకు చేరుస్తుంది, అక్కణ్నుంచి మైపాడు 25 కిలోమీటర్లు. కర్నూలు, నంద్యాల వాళ్లకు బాపట్ల దగ్గరి సూర్యలంక, చీరాల దగ్గరి వాడరేవు ఉన్నాయి. నంద్యాల–గిద్దలూరు ఘాట్‌లో మలుపులకు పిల్లలు వాంతి చేసుకుంటారు. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టకండి. బొరుగులు, రెండు ఇడ్లీలు చాలు, ఓళిగలూ చిత్రాన్నమూ ఘాట్ దిగాక తినొచ్చు. అనంతపురం వాళ్లకు గుంతకల్లు మీదుగా పడమర తీరం కూడా అందుబాటే. వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల, డోన్, గుంతకల్లు మీదుగా మడ్‌గావ్ పోతుంది. గోవా దక్షిణాన పాలోలెం తీరం అర్ధచంద్రంలా వంగి, లోతు మెల్లగా పెరుగుతుంది. అక్కడి ముఖ్యమైన తీరాల్లో లైఫ్‌గార్డులు, జెండాలు ఉంటాయి. పిల్లలతో పోయేవాళ్లకు ఆ ఒక్క కారణమూ చాలు. కాకపోతే జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమర సముద్రంలో ఈత మాటే ఎత్తకూడదు.

ఏ తీరమైనా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర దిగొద్దు. కడప జిల్లాలో ఇసుక తేలి కనిపించే పెన్న, నెల్లూరు జిల్లాలో ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అలాంటి మొగల దగ్గర లోతు, లాగుడు గంటగంటకూ మారుతుంటాయి. బయల్దేరే ముందురోజు, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే ఎత్తైన అలల హెచ్చరిక ఏమన్నా ఉందేమో చూసుకోండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎక్కడో దూరపు తుపాను అలలు తీరానికి రావచ్చు.

ఊళ్లోనే చేయించాల్సిన సాధన

మూడు వారాల ముందు నుంచి పూల్‌లోనో, పెద్దలు తోడుండే బావిలోనో మూడు పనులు చేయించండి. మొదటిది, వెల్లకిలా తేలడం. కాళ్లూచేతులూ పెద్దగా ఆడించకుండా రెండు నిమిషాలు తేలగలగాలి. బావి ఈత నేర్చిన పిల్లలు దూకడంలో, మునగడంలో ఘనులేగానీ చాలామందికి ఇది రాదు. రెండోది, తేలుతుండగా ముఖాన నీళ్లు చల్లుతుంటే బెదరకుండా ఊపిరి నిలుపుకోవడం. మూడోది, ఒక చెయ్యి పైకెత్తి పిలవడం. ఒడ్డున ఉన్నవాళ్లు దాన్ని ఆటగా తీసుకోకూడదు, పిల్లలు ఆటకు చెయ్యి ఎత్తకూడదు. ఈ ఒప్పందం ఇంట్లోనే చేసుకోవాలి.

దిగే ముందు పది నిమిషాలు

పిల్లలు ఎంత గోల చేసినా, ఒడ్డున కాస్త ఎత్తులో నిలబడి పది నిమిషాలు నీళ్లను చూడండి. అలలు వరుసగా విరిగి తెల్లటి నురగ కడుతున్న మధ్యలో ఒకచోట మాత్రం అల విరగకుండా, నీళ్లు నల్లగా, నున్నగా కనిపిస్తాయి. కొన్నిసార్లు అక్కడ ఇసుక కలిసిన నీళ్లు, నురగ, చెత్త సముద్రం వైపు పోతుంటాయి. ఒడ్డుకు కొట్టిన నీళ్లు తిరిగి లోపలికి పోయే పాయ అది. ‘ఇక్కడ అలలు తక్కువ, పిల్లలకు బాగుంటుంది’ అని పెద్దలు ఎంచుకునేది సరిగ్గా ఆ చోటునే. అక్కణ్నుంచి కనీసం 50 మీటర్లు పక్కకు జరగండి. పాయ ఉన్నచోటే ఉండదు కాబట్టి గంటకోసారి మళ్లీ చూడాలి.

ఆ పాయలో పడితే ఏం చేయాలో కాలువ పిల్లలకు సగం తెలుసు. కేసీ కాలువలోగానీ హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ)లోగానీ ఎదురీదరు, వాలుకు పోతూ పక్కకు బారలేసి గట్టు అందుకుంటారు. ఇక్కడా అంతే. ఒడ్డు వైపు ఎదురీదితే ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. వెల్లకిలా తేలి, చెయ్యెత్తి, లాగుడు తగ్గాక తీరానికి సమాంతరంగా ఈది, నురగ కనిపించే చోటు నుంచి అలతో పాటు ఒడ్డుకు రావాలి. చిన్నపిల్లలకైతే ఇంత చెప్పొద్దు, ‘తేలు, చెయ్యెత్తు’ అనే రెండు మాటలే చెప్పండి.

ఎరుపు-పసుపు జెండాల మధ్య లైఫ్‌గార్డు చూపు ఉంటుంది. ఎర్ర జెండా ఉంటే దిగకూడదు. జెండాలూ లైఫ్‌గార్డూ లేని తీరంలో పిల్ల నడుము లోతే హద్దు. అల వచ్చినప్పుడు కూడా ఛాతీ దాటకూడదు.

నీళ్లలో

పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగున్నర నుంచి వెలుగున్నంతవరకు. జనవరిలో పొద్దుటి నీళ్లు చల్లగా ఉంటాయి. ఇరవై నిమిషాలకోసారి బయటికి పిలిచి, పెదాలు నీలంగా మారినా వణుకుతున్నా ఆ పూటకు చాలించండి.

అలకు ఎప్పుడూ వీపు చూపకూడదు. మోకాళ్లు కొంచెం వంచి పక్కకు తిరిగి నిలబడితే తోపు తగ్గుతుంది. వెనక్కిపోయే నీళ్లు పాదాల కింద ఇసుకను లాగేస్తాయి, పిల్లలు ఎక్కువగా పడేది అప్పుడే. ఒడ్డు నిటారుగా ఉండి అల నేరుగా ఇసుక మీద విరుచుకుపడే చోట ఆడనివ్వొద్దు. తలకిందులై మెడకు దెబ్బ తగలవచ్చు.

గాలి నింపిన ట్యూబులు, బాతు బొమ్మలు ఇంట్లోనే వదిలేయండి. పొద్దున్నే గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. నీళ్లు నున్నగా ఉన్నా ట్యూబు మెల్లగా లోపలికి జరిగిపోతుంది. లైఫ్ జాకెట్ అయితే పిల్ల బరువుకు సరిపోయింది, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది కొనండి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపితే చెవుల దాకా జారితే అది వదులు. బట్టలు నారింజ, ముదురు గులాబీ, చిలకపచ్చ రంగుల్లో ఉండాలి. నీలం, తెలుపు నీళ్లలో కలిసిపోతాయి. జీన్స్, పొడవు లంగాలు తడిస్తే బరువెక్కి కాళ్లకు అడ్డం పడతాయి.

కుటుంబమంతా కలిసి పోయినప్పుడు వచ్చే చిక్కు ఒకటుంది. మామ చూస్తున్నాడులే అని నాయన, నాయన చూస్తున్నాడులే అని మామ, ఇద్దరూ ఉన్నారు కదా అని జేజి, చివరికి ఎవరూ చూడరు. మునిగే పిల్ల సినిమాల్లోలా కేకలు వేయదు. నోరు నీటి మట్టానికే ఉండి, నిశ్శబ్దంగా, ఇరవై ముప్పై సెకన్లలో మునిగిపోగలదు. అందుకని ఇరవై నిమిషాలకొకరు పేరు పెట్టి కాపలా తీసుకోవాలి. ఆ సమయంలో ఫోన్ వేరేవాళ్ల చేతిలో ఉండాలి. అయిదేళ్లలోపు పిల్ల ఒక్కొక్కరికి ఒక పెద్ద మనిషి, చెయ్యి చాచితే అందే దూరంలో.

సామాను సంగతి చిన్నదే. కార్లో 20 లీటర్ల నీళ్ల క్యాను ఒకటి ఒళ్లు కడగడానికే పెట్టుకోండి. చాలా తీరాల్లో మంచినీళ్ల కుళాయి దొరకదు. తొడల మధ్య, చంకల్లో ముందే వ్యాజిలిన్ రాస్తే ఉప్పూ ఇసుకా ఒరుసుకుని దద్దు రాదు. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ దిగడానికి పావుగంట ముందు, మళ్లీ రెండు గంటలకోసారి. పిల్లలు ఉప్పునీళ్లు మింగితే దాహం, వాంతులు వస్తాయి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం సరిగ్గా ఒక లీటరులో కలపాలి, గ్లాసు నీళ్లలో కొద్దికొద్దిగా వేసి కాదు.

జెల్లీ ఫిష్ కుడితే ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగుల్ని చెంచా అంచుతోనో పట్టకారుతోనో తీసి, చర్మం ఓర్చుకునేంత వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచండి. ముఖం ఉబ్బినా, ఊపిరి ఎగబీల్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మునిగిన పిల్లను బయటికి తీశాక తల మీద పెట్టుకుని తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో ఇంకా చేస్తారు. దాంతో పోయేది సమయమే. కక్కుకున్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. పిల్ల పిలిస్తే పలకక, ఊపిరి ఆడకపోతే ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా మరొకరు తల కొంచెం వెనక్కి వంచి ముందు అయిదుసార్లు నోట్లోకి ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో, ఛాతీ మందంలో మూడో వంతు దిగేలా 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదాలి. అంబులెన్సు వచ్చేదాకా, లేదా పిల్ల ఊపిరి తీసుకునేదాకా అలాగే కొనసాగించాలి. తేరుకుని కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. నీళ్లు మింగిన పిల్ల ఆ తర్వాత కొన్ని గంటల్లో ఆగకుండా దగ్గినా, మగతగా ఉన్నా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసినా పొద్దున చూద్దాంలే అని రూమ్‌లో పడుకోబెట్టకండి.