తడిసిన లాట్ వెంట రికర్సివ్ క్వెరీ

గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి లెక్కల సాఫ్ట్‌వేర్ నేనే చూస్తుంటాను. తడిసిన లాట్ ఒకటి కోల్డ్ స్టోరేజీలో పడిందని, దాని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏయే లాట్లలో కలిశాయో సాయంత్రానికల్లా తేల్చమన్నారు. ఒకటే టెన్షన్.

పాత క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న), ఏ లాట్ నుంచి ఏ లాట్‌కి సరుకు వెళ్లిందో రాసుండే బదిలీల టేబుల్‌ని దానితోనే నాలుగుసార్లు జాయిన్ చేస్తుంది, అంటే ఒక బదిలీకి తర్వాతి బదిలీని జోడిస్తుంది. గొలుసు అంతకంటే పొడవైతే చేతులెత్తేస్తుంది. జాయిన్లు పెంచుకుంటూ పోయినా లాభం లేదు. హద్దులేని గొలుసును రిలేషనల్ ఆల్జీబ్రాలో (జాయిన్ లాంటి టేబుల్ లెక్కల గణితంలో) రాయలేమని కంప్యూటర్ శాస్త్రవేత్తలు అహో, ఉల్‌మన్ 1979లోనే నిరూపించారు. అదే డేటాలాగ్‌లో (రూల్స్‌తో డేటాను ప్రశ్నించే భాషలో) రెండు రూల్స్ చాలు; ‘:-’కి కుడివైపుది నిజమైతే ఎడమవైపుది నిజమని అర్థం:

చేరు(క, గ) :- బదిలీ(క, గ).
చేరు(క, గ) :- బదిలీ(క, చ), చేరు(చ, గ).

దీన్నే మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ‘విత్ రికర్సివ్’తో రాశాను; వచ్చిన ఫలితం మీదే క్వెరీని మళ్లీ మళ్లీ నడిపే పద్ధతి అది. రన్ చేస్తే ఆగదే! చూస్తే 12వ లాట్ నుంచి 30వ లాట్‌కి, 30 నుంచి మళ్లీ 12కి బదిలీలున్నాయి. యార్డులో ఇది మామూలే. వచ్చిన వరుసలన్నీ ఉంచే ‘యూనియన్ ఆల్’ తీసి, ఒకేలాంటి వరుసలను ఒక్కసారే ఉంచే ‘యూనియన్’ పెట్టినా ఆగలేదు. దొంగ వేరే చోట ఉన్నాడు: సరుకు ఎన్ని చేతులు మారిందో చూపించమని వాళ్లడిగిన కాలమ్. చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒకటి కలుపుతుంటే అదే లాట్ కొత్త వరుసై కూర్చుంటోంది. ఆ కాలమ్ తీసేయగానే జాబితా వచ్చేసింది. ఉన్న విలువలతోనే పనిచేసే డేటాలాగ్ ఎప్పటికైనా ఆగుతుంది, డేటా పరిమాణానికి పాలినామియల్ సమయంలోనే (పరిమాణపు వర్గం, ఘనం లాంటి స్థిర ఘాతాన్ని దాటకుండా). కూడిక చేరిస్తే ఆ హామీ పోతుంది.

తడి తగలని లాట్లూ అడిగారు. రికర్షన్ లోపల ఇంకా తయారవుతున్న ఆ జాబితానే ‘నాట్ ఎగ్జిస్ట్స్’తో (అందులో లేనివి) అడిగితే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. జాబితా పూర్తయ్యాక, మొత్తం లాట్లలోంచి దాన్ని బయట ‘ఎక్సెప్ట్’తో తీసేశాను.