అడవి పులుల్ని కాపాడటానికి మీరు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

పులుల కోసం ఏదైనా చేయాలని ఉంటే ముందు జింకల గురించి ఆలోచించండి. ఒక పెద్దపులి బతకాలంటే ఏడాదికి సుమారు 50 జింకలో, అంత పరిమాణం ఉన్న వేరే జంతువులో దొరకాలి. ఆహారం, చోటు ఉండి, వేటగాళ్ల బెడద లేకపోతే పులులు వాటంతట అవే పెరుగుతాయి. నేపాల్‌లో 2009లో 121 ఉన్నవి 2022 నాటికి 355 అయ్యాయి. అదే కంబోడియాలో అడవి ఇంకా మిగిలి ఉన్నా పులి మాత్రం లేదు. 2007 తర్వాత అక్కడ ఒక్క కెమెరాకూ పులి చిక్కలేదు. ఆ ప్రాంతంలో పులుల్ని తుడిచిపెట్టిన వాటిలో ముఖ్యమైనవి ఉచ్చులు. బైకు కేబుల్ ముక్కతో కూడా ఉచ్చు తయారవుతుంది, జింక కోసం పెట్టినా పులి కాలు పడితే అంతే.

అందుకే డబ్బు ఇవ్వాలనుకుంటే, సంస్థ పోస్టర్ మీద పులి ఎంత అందంగా ఉందో చూసి ఇవ్వకండి. కాస్త మొహమాటం పక్కన పెట్టి నేరుగా అడగండి: ఉచ్చులు ఏరే గస్తీ సిబ్బందికి ఎంత వెళ్తుంది? పశువును పులి చంపితే యజమానికి పరిహారం ఎన్ని రోజుల్లో చేతికి అందుతుంది? ఈ రెండో ప్రశ్న చాలామంది అడగరు, నా లెక్కలో అదే ముఖ్యం. పులి తాను చంపిన జంతువు దగ్గరికి మళ్లీ తినడానికి వస్తుంది. ఆవు పోయి, పరిహారం కోసం నెలల తరబడి తిరిగి విసిగిపోయిన మనిషి ఆ కళేబరానికి విషం పూస్తే తల్లి, పిల్లలు కలిపి ఒక కుటుంబమే పోతుంది. అడవి అంచున ఉండేవాళ్లను దోషులుగా చూడటం మానేసి, వాళ్ల నష్టాన్ని వెంటనే తీర్చే పనికి మీ డబ్బు వెళ్లేలా చూడండి.

పులి పిల్లను ఒళ్లో పెట్టి ఫోటో తీయించే చోటికి అసలు వెళ్లకండి. వాళ్లు దాన్ని సంరక్షణ అని చెప్పినా సరే. అక్కడ పిల్లల్ని తల్లి నుంచి ముందే వేరు చేస్తారు, తల్లి దగ్గర రెండేళ్లపాటు నేర్చుకోవాల్సిన వేట వాటికి రాదు, మనిషంటే భయం ఉండదు, కాబట్టి అడవిలో వదలడమూ దాదాపు అసాధ్యం. అలాంటి పులులు ఎన్ని వేలున్నా అడవికి ఒక్కటీ కలవదు.

ఆన్‌లైన్‌లో పులిగోరు, కోర, చర్మం అమ్ముతున్నట్టు కనిపిస్తే కింద తిట్టకండి, కోపంతో షేర్ కూడా చేయకండి, అమ్మేవాడికి అదే ఉచిత ప్రచారం. బేరమాడి పట్టిద్దామని దిగొద్దు, అది అధికారుల పని. స్క్రీన్‌షాట్, లింకు, తేదీ దాచి, మీ దేశంలోని వన్యప్రాణి అధికారులకు పంపండి, ఆ తర్వాత ఆ సైట్‌కూ ఫిర్యాదు పెట్టండి. "ఇది తాతల నాటిది" అన్నా కొనొద్దు, ఎందుకంటే పాతదాని పేరుతో కొత్తది అమ్మడం తేలిక.

సఫారీకి వెళ్తే డ్రైవర్‌ని ఇంకా దగ్గరికి పోనిమ్మని తొందరపెట్టకండి. ఫోటో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి.

పామాయిల్ ఉన్న వస్తువులు కొనేటప్పుడు ఆర్‌ఎస్‌పీఓ గుర్తు (పర్యావరణానికి హాని తగ్గించి పండించిన పామాయిల్‌కు ఇచ్చే ధ్రువీకరణ) ఉందేమో చూడండి, సుమత్రాలో పామాయిల్ తోటల కోసం పులులుండే అడవినే నరికారు. ఆ గుర్తుతోనే అంతా బాగుపడదు గానీ, ఏమీ చూడకుండా కొనడం కంటే నయం.

చివరిది రోడ్ల సంగతి. రెండు అడవుల్ని కలిపే దారిలో హైవేనో రైలు మార్గమో వస్తోందని తెలిస్తే, వద్దని అరవడం ఒక్కటే మార్గం కాదు, జంతువులు దాటే దారులు ఎక్కడ పెడుతున్నారో అడగండి. భారత్‌లో పెంచ్ పులుల అభయారణ్యం దగ్గర 44వ నంబర్ హైవేను జంతువుల కోసం కొన్నిచోట్ల వంతెనలా ఎత్తి కట్టారు, వాటి కింద నుంచి పులులు వెళ్లడం కెమెరాల్లో రికార్డయింది. కాబట్టి ఇది కుదిరే పనే. అయితే డిజైన్ ఖరారయ్యాక మార్చడం కష్టం, అభిప్రాయాలు కోరుతూ నోటీసు రాగానే, గడువు కోసం ఆగకుండా, మీ అభ్యంతరం రాతపూర్వకంగా పంపి రసీదు తీసుకోండి.