కొత్త సిస్టమ్ మొరాయిస్తే ముందు సామాన్ల చీటీ తీయండి

కావలిలో పెళ్లి ఫోటోలు తీసే మా బావమరిది పోయిన వేసవిలో తెల్లవారుజామున రైలెక్కి చెన్నైలో కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కి పోయి, రాత్రికి నాలుగు అట్టపెట్టెలతో దిగాడు. వీడియోలు చూసుకుంటా తనే అసెంబుల్ చేసుకున్నాడు. మర్నాడు నాకు ఫోను: "ఫ్యాన్లన్నీ తిరగతా ఉండాయి బావా, తెర మీదేమో ఏం రాలా!"

ఆ ఒక్క సిస్టమ్ మీద నెలరోజులు ఇద్దరం కుస్తీ పట్టాం. బిగించేటప్పుడు చేసిన తప్పులు కొన్నే. ఎక్కువ భాగం ఏమేం కొనాలో చీటీ రాసిన రోజే జరిగిపోయాయి. అందుకే సమస్యలు చెప్తూ, అవసరమైన చోట చీటీలో ఏం రాసుకుని ఉండాల్సిందో కూడా చెప్తున్నా.

ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు

వాడు కొన్న ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-12400ఎఫ్. చివర ఉన్న ఆ "ఎఫ్" ఏంటో చూసుకోలేదు. అది ఉంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేనట్టు. విడిగా కొనాల్సిన గ్రాఫిక్స్ కార్డేమో "తర్వాత చూద్దాంలే" అనుకున్నాడు. ఇక మానిటర్‌కి బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? మదర్‌బోర్డ్‌కి హెచ్‌డీఎంఐ సాకెట్ ఉంది కదా అంటాడు. సాకెట్ ఉంటుంది, లోపల దానికి బొమ్మ ఇచ్చేవాడు ఉండడు. ఏఎండీలో రైజెన్ 5 5600 కూడా ఇంతే. గ్రాఫిక్స్ కావాలంటే 5600జీ తీసుకోవాలి.

నా పాత కార్డ్ ఒకటి తీసుకెళ్లి పెడితే అప్పటికి డిస్‌ప్లే వచ్చింది. చీటీలో మాత్రం ఎఫ్ లేని 12400 రాసుకోవాల్సింది. కార్డ్ కొనేవాళ్లకి కూడా నేను అదే చెప్తా. కార్డ్ సర్వీసుకి పోయిన వారం రోజులూ పని ఆగదు. ఇంకో లాభం వీడియోలో ఉంది. ఇప్పటి కెమెరాలు ఇచ్చే 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ (ఎక్కువ రంగు వివరాలతో కుదించిన) వీడియో ఫైళ్లను ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే విప్పేస్తుంది. ఎన్విడియా కార్డుల్లో ఈ సౌకర్యం 50 సిరీస్‌తో గానీ రాలేదు. టైమ్‌లైన్ మీద పెళ్లి వీడియో ముక్కలు ముక్కలుగా ఆడుతుంటే, ముందు అనుమానించాల్సింది దీన్నే.

మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉన్నా డిస్‌ప్లే రాకపోతే వరసగా ఇవి చూడండి. కార్డ్ పెట్టి ఉంటే కేబుల్ కార్డ్‌కే గుచ్చాలి, మదర్‌బోర్డ్‌కి కాదు. ప్రాసెసర్ పక్కన, బోర్డ్ పై మూలలో 8 పిన్నుల పవర్ సాకెట్ ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) వైరు కేబినెట్ వెనకే ఉండిపోయి అది ఖాళీగా మిగలడం మామూలే. ర్యామ్ "టక్" మనేదాకా నొక్కండి. సముద్రం పక్క ఊళ్లలో పాత ర్యామ్ అయితే బంగారు రంగు కాళ్లను రబ్బరుతో తుడిచి పెట్టండి, ఉప్పుగాలికి పొర పడుతుంది. చాలా బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది వెలిగి ఆగిపోతే తేడా అక్కడ. డీడీఆర్5 (కొత్త రకం ర్యామ్) బోర్డ్ అయితే మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు, కంగారుపడి స్విచ్ కట్టేయకండి.

ఆల్బం షీట్ తెరిస్తే ఫోటోషాప్ బిగుసుకుపోతుంది

మన దగ్గర పెళ్లి ఆల్బం షీటంటే 12×36 అంగుళాలు. 300 డీపీఐ లెక్కన 10,800 × 3,600 పిక్సెల్స్, అంటే దాదాపు 3.9 కోట్లు. నిండుగా ఉన్న ఒక్క లేయర్ 8 బిట్‌లోనే సుమారు 117 ఎంబీ. ఇరవై లేయర్లు వేస్తే 2.3 జీబీ, దాని మీద హిస్టరీ, పక్కన లైట్‌రూమ్, వెనక క్రోమ్. 8 జీబీ ర్యామ్ ఏ మూలకి? నిండగానే డిస్క్ మీద రాసుకోవడం మొదలుపెడుతుంది. మీకు బిగుసుకుపోయినట్టు కనిపించేది అదే.

టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి షీట్ మీద పని చేయండి. 90 శాతం దాటుతుంటే ర్యామ్ పెంచడం తప్ప వేరే మందు లేదు. ఒక 32 జీబీ ర్యామ్ కర్ర కంటే రెండు 16లు మేలు. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టాలి. మా వాడు 1, 2 లో పెట్టాడు. అదే పేజీలో స్పీడు కూడా ఉంటుంది. 3200 ర్యామ్ కొంటే 2666 అనో 2133 అనో చూపిస్తోందంటే బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరిచే బోర్డ్ సెట్టింగుల పేజీలో) ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయలేదన్నమాట.

లైట్‌రూమ్ ఫోటోల వివరాలు, ఎడిట్లు దాచుకునే క్యాటలాగ్ ఫైల్ హార్డ్ డిస్క్ మీద ఉంటే ర్యామ్ ఎంత పెట్టినా లైట్‌రూమ్ నత్తే. క్యాటలాగ్, ప్రివ్యూలు, కాష్ వేగంగా పనిచేసే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ మీదకి మార్చి, హార్డ్ డిస్క్‌ని అయిపోయిన పెళ్లిళ్లకి వదిలేయండి.

కెమెరా మెమరీ కార్డ్ కాపీ కావడానికి ముప్పావుగంట

3,000 రా (RAW) ఫైళ్లు, సుమారు 80 జీబీ. యూఎస్‌బీ 2.0 పోర్టులో గుచ్చితే సెకనుకి 35 ఎంబీ రావడమే ఎక్కువ, 38 నిమిషాలు. అదే కార్డ్, మంచి రీడర్‌తో నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో 15 నిమిషాలు. కేబినెట్ ముందున్న నీలం పోర్టు కూడా నెమ్మదిగా ఉంటే, లోపల దాని లావుపాటి 19 పిన్నుల వైరు బోర్డ్‌కి తగిలించారో లేదో చూడండి.

తెర మీద బంగారం, ప్రింట్‌లో బొగ్గు

మా వాడు నిజంగా నష్టపోయింది ఇక్కడే. పెళ్లికూతురి పట్టుచీర తెర మీద మెరిసిపోతోంది, ల్యాబ్ నుంచి వచ్చిన షీట్‌లో జరీ మసకేసింది. "ల్యాబోడు చెడగొట్టాడు బావా" అన్నాడు. షీట్ తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాం. పగటి వెలుగులో పక్కన పెట్టి చూస్తే మానిటర్ ట్యూబ్‌లైట్ లాగా వెలుగుతోంది! బ్రైట్‌నెస్ 100లో ఉంది. అంత వెలుగులో కూర్చుని ఎడిట్ చేస్తే ఫోటోని మనకి తెలియకుండానే ముదురు చేసేస్తాం. ప్రింట్ కోసం పని చేసేటప్పుడు తెర వెలుగు 100-120 క్యాండెలాల దగ్గర ఉంటే చాలు, కొత్త మానిటర్లు దీనికి రెండు మూడు రెట్లు ఇస్తాయి.

కొలిచే పరికరం లేకపోతే ఇట్టా చేయండి. ఒక ఫోటోని "కరెక్షన్ వద్దు" అని చెప్పి ల్యాబ్‌లో ప్రింట్ తీయించండి. దాన్ని తెర పక్కన పట్టుకుని, రెండూ ఒకటిగా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించుకుంటూ రండి. మా వాడిది 100 నుంచి 28కి దిగింది. రెండు రోజులు చీకట్లో కూర్చున్నట్టుందని గొణిగాడు, మూడోరోజుకి అలవాటైంది.

వెలుగు సరిపోయినా ముఖాలు ఎర్రగా కనిపిస్తుంటే మానిటర్ మెనూలో "వివిడ్", "గేమ్" లాంటివి తీసేసి ఎస్‌ఆర్‌జీబీ (మామూలు రంగుల ప్రమాణం) పెట్టండి. ప్రింట్‌లో రంగులు చచ్చుపడితే ఫైల్ అడోబీ ఆర్‌జీబీలో (ఇంకో రంగుల ప్రమాణంలో) వెళ్లిందేమో చూడండి, ల్యాబ్ అడగనంతవరకు ఎస్‌ఆర్‌జీబీలోనే పంపాలి. తల కదిపితే రంగు మారుతోందంటే మాత్రం అది ప్యానెల్ గుణం, సెట్టింగులతో పోదు. చీటీలో ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ప్యానెల్) అని రాసుకోండి. నన్నడిగితే ప్రాసెసర్ ఒక మెట్టు దించైనా మానిటర్‌కి డబ్బు పెట్టాలి.

మధ్యాహ్నం రెండింటికి నెమ్మదిస్తుంది, కరెంటు పోతే ఆగిపోతుంది

ఎక్స్‌పోర్ట్ పెట్టి టెంపరేచర్ చూడండి. ప్రాసెసర్ 100 డిగ్రీలు తాకుతుంటే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇంటెల్ కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి, ఒకటి దిగకపోయినా పైకి కనిపించదు. బోర్డ్ వెనక నుంచి చూస్తే నాలుగూ విచ్చుకుని ఉండాలి. చీమకుర్తి వైపు వాళ్లయితే గ్రానైట్ దుమ్ముకి ఫిల్టర్ నెలకోసారి దులపాల్సిందే.

యూపీఎస్ ఉన్నా సిస్టమ్ ఆరిపోతుంటే ముందు బ్యాటరీ, తర్వాత లెక్క. 600 వీఏ యూపీఎస్ మామూలుగా 360 వాట్లే. కార్డ్, మానిటర్ కలిసి ఎక్స్‌పోర్ట్‌లో అంతకు మించితే కుయ్యిమని ఆగిపోతుంది.

టీవీకి పెడితే మౌస్ ఈడ్చినట్టు కదులుతుంది

హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కే బొమ్మ 30 హెర్ట్జ్‌లోనే వస్తుంది. కేబుల్ మార్చి, టీవీలో వేరే హెచ్‌డీఎంఐ పోర్టు వాడి చూడండి.

కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది

చెప్పుల్లేకుండా కూర్చుని కేబినెట్ స్క్రూ తాకితే చీమ కుట్టినట్టుంటుంది. ఎర్త్ అందకపోతే ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల మీదుగా కొంచెం కరెంటు డబ్బా మీదకి వస్తుంది. దీన్ని "మైల్డ్ షాకేలే" అని వదిలేయొద్దు. మానిటర్ పోర్టులు, హార్డ్ డిస్కులు కూడా దెబ్బ తినొచ్చు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజ్‌కి, ఎర్త్‌కి మధ్య కొలిపించండి, 230 దగ్గర రావాలి. మా వాడింట్లో సరిగ్గానే వచ్చింది. ఇంకేంటని సిస్టమ్ పవర్ కేబుల్ తీసి చూస్తే ప్లగ్గుకి పైనున్న లావు పిన్ను లేదు. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టలేదని కటింగ్ ప్లయర్‌తో తెంపేశాడు.