పాత పికప్పుకు మళ్లీ ప్రాణం – నాలుగో పాఠం: ఏళ్లుగా ఆగిపోయిన ఇంజిన్‌ని తిప్పడం

గత పాఠంలో బండిని జాకీ స్టాండ్ల మీదికి ఎక్కించాం, విప్పిన ప్రతి సామానుకీ చీటీ కట్టి ఫొటోలు తీసిపెట్టుకున్నాం. ఈసారి ఇంజిన్.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక మాట. మనం పట్టుకున్న బండి 1950 నాటి షెవర్లే 3100. జనరల్ మోటార్స్ 1947 వేసవి నుంచి 1955 మార్చి దాకా తయారుచేసిన ‘అడ్వాన్స్ డిజైన్’ వరసలోని అరటన్ను పికప్. అమెరికా పల్లెల్లో పాత కొట్టాల కింద ఇవి ఇంకా దొరుకుతున్నాయి, సామాన్లు కొత్తవి తయారుచేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంటి గరాజ్‌లో మొదటిసారి ఇలాంటి పని మొదలుపెట్టే మనవాళ్లకి ఇంతకంటే మంచి బండి లేదని నా గట్టి అభిప్రాయం. ఇండియాలో ఉన్నవాళ్లకీ ఇది మరీ పరాయి బండి కాదు. 1928 నుంచి 1954 దాకా బొంబాయి శివ్రీలో జనరల్ మోటార్స్ వాళ్ల ఫ్యాక్టరీలో షెవర్లే కార్లు, లారీలు బిగించేవారు. తాతల కాలంలో మన రోడ్ల మీద తిరిగిన షెవర్లే లారీలు ఆ కాలానివే.

బండి కొన్నరోజే కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టాలని చెయ్యి లాగుతుంది. దయచేసి ఆగండి. పాత ఇంజిన్లు ఎక్కువగా చచ్చేది మళ్లీ స్టార్ట్ చేసే రోజునే. ఈ 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్ విషయంలో అది మరీ నిజం. ఎందుకో ముందు తెలుసుకుంటే పనిలో ఓపిక దానంతటదే వస్తుంది.

ఈ ఇంజిన్‌కి ఆయిల్ ఎలా అందుతుంది

ఇప్పటి ఇంజిన్లలో ఆయిల్ పంపు క్రాంక్ షాఫ్ట్ లోపలి రంధ్రాల గుండా ఒత్తిడితో ఆయిల్‌ని నేరుగా కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కడ్డీ) బేరింగులకి తోస్తుంది. 216లో అలా కాదు. ఒత్తిడితో ఆయిల్ వెళ్లేది మెయిన్ బేరింగుల లాంటి కొన్నిచోట్లకే. రాడ్ల సంగతి వేరు. ఒక్కో రాడ్ అడుగున చిన్న గరిటె ఉంటుంది, దాని కింద ఆయిల్ చాంబర్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెంలో) ఒక చిన్న తొట్టి. ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు ఆ గరిటె తొట్టిలో మునిగి ఆయిల్ తీసుకుంటుంది. వేగం పెరిగాక చాంబర్‌లోని ఆరు నాజిళ్లలోంచి ఆయిల్ ధారగా ఎగజిమ్మి, తిరుగుతున్న గరిటె నోటికి తగులుతుంది.

పైగా ఈ రాడ్ల బేరింగులు మార్చుకునే చిప్పలు కావు. రాడ్‌లోనే కరిగించి పోసిన బాబిట్ లోహం. బాబిట్ మెత్తన. ఆయిల్ పొర ఉన్నంతకాలం ఎంతో సుఖంగా పనిచేస్తుంది, ఆ పొర తెగితే వేడెక్కి కరిగిపోతుంది. షెవర్లే పికప్పులకి చిప్ప బేరింగులు, పూర్తి ఒత్తిడి ఆయిలింగ్ ఉన్న 235 ఇంజిన్ 1954లో వచ్చింది. మీ బండిలో ఎవరైనా ఆ ఇంజిన్ మార్చిపెట్టి ఉంటే ఈ పాఠంలో సగం మీకు అక్కర్లేదు. అందుకని ముందు బ్లాక్ మీద నంబరు చూసుకోండి.

ఇప్పుడు ఊహించండి. ఏళ్ల తరబడి కొట్టంలో ఆగిన బండి. ఈ ఇంజిన్‌కి ఆయిల్ ఫిల్టర్ ఫ్యాక్టరీ నుంచి తప్పనిసరిగా వచ్చేది కాదు. చాలా బండ్లు అది లేకుండానే తిరిగాయి. ఆ మట్టి, మసి అంతా చాంబర్ అడుక్కి చేరి గట్టిపడి, తొట్లు నింపి నాజిళ్ల నోళ్లు మూసేసి ఉంటుంది. పైన కొత్త ఆయిల్ ఎంత పోసినా రాడ్లకి అందదు. స్టార్ట్ అవుతుంది, అందరూ చప్పట్లు కొడతారు, ఇంకాసేపటికి కింద నుంచి టకటకమని రాడ్ కొట్టుకోవడం మొదలవుతుంది. అందుకే నా పద్ధతిలో చాంబర్ దించకుండా ఏ 216నీ స్టార్ట్ చేయకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

ముందు చేత్తో తిప్పడం

ఆరు స్పార్క్ ప్లగ్గులూ విప్పండి. విప్పేముందు చుట్టూ గాలి కొట్టండి, లేకపోతే అక్కడి మట్టంతా సిలిండర్‌లో పడుతుంది. విప్పిన ప్లగ్గుల్ని సిలిండర్ వరసలోనే పెట్టండి. ఏదైనా ఒకటి తుప్పుతో ఎర్రగా ఉంటే ఆ సిలిండర్‌లోకి తేమ చేరిందని అర్థం. ఇంజిన్ ఆగినప్పుడు వాల్వ్ తెరుచుకుని ఉండిపోయిన సిలిండర్లకే సాధారణంగా ఈ గతి పడుతుంది. ఫోన్‌కి తగిలించుకునే చిన్న కెమెరా ఇప్పుడు చవగ్గా దొరుకుతోంది. దాంతో లోపల గోడల మీద తుప్పు పట్టీ ఉందేమో చూడండి.

ప్రతి సిలిండర్‌లోనూ తుప్పు వదిలించే ఆయిల్ పోయండి. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సులో పోసే ఆయిల్), ఎసిటోన్ చెరిసగం కలిపి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, బాగానే పనిచేస్తుంది. కానీ ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి గరాజ్ తలుపు తెరిచి, గ్యాస్ హీటర్ ఆపి మరీ పోయండి. రాత్రంతా వదిలేయండి. వారమైనా వదిలేయండి, నష్టం లేదు.

ఇక రాకర్ కవర్ (ఇంజిన్ పైన వాల్వ్‌లని నొక్కే రాకర్ల మీది మూత) విప్పండి. చాలామంది వదిలేసేది ఈ పనే. ఏళ్లుగా కదలని వాల్వ్ కాండం దాని గైడ్‌లో పట్టేసి ఉండొచ్చు. అలాంటిది సెల్ఫ్ కొడితే వాల్వ్ కదలదు, రాకర్‌ని కింద నుంచి తోసే పుష్‌రాడ్ వంగిపోతుంది. కవర్ తీశాక పన్నెండు వాల్వ్‌ల కాండాల మీదా పలచని ఆయిల్ వేయండి. రాకర్ చివర్ల మీద చెక్క సుత్తితో మెల్లగా తట్టి, స్ప్రింగ్ వెంటనే వెనక్కి నెడుతోందా అని ఒక్కొక్కటీ చూడండి.

తర్వాత ఫ్లైవీల్ కింది రేకు విప్పి, పళ్ల మధ్య పొడవాటి రాడ్డు పెట్టి కొద్దిగా ముందుకి, కొద్దిగా వెనక్కి కదిలించండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. కదిలితే రెండు పూర్తి చుట్లు తిప్పాలి, అప్పుడే అన్ని వాల్వ్‌లూ ఒకసారి తెరుచుకుని మూసుకుంటాయి. ఒకరు కింద తిప్పుతుంటే ఇంకొకరు పైన రాకర్ల దగ్గర నిలబడి చూడాలి. ఏదైనా వాల్వ్ కిందికి దిగి పైకి రాకుండా ఉండిపోతే, దాని రాకర్ వదులుగా చేతికి ఆడుతుంది. అక్కడితో తిప్పడం ఆపండి. ఆ వాల్వ్‌కి ఇంకాస్త ఆయిల్ వేసి, తట్టి, పైకి రప్పించాకే ముందుకి.

అసలు కదలకపోతే బలం పెంచకండి. మళ్లీ ఆయిల్ పోసి, రోజుకి ఒకటి రెండుసార్లు రాడ్డుతో అటూ ఇటూ కదపండి. వెంట్రుకవాసి కదిలినా అది గెలుపే, మర్నాటికి ఇంకొంచెం వస్తుంది. ట్రాక్టర్‌కి కట్టి లాగి గేరు వేస్తే విడిపోతుందని చెప్పేవాళ్లు ఉంటారు. విడిపోతుంది నిజమే, ఎక్కువసార్లు పిస్టన్ రింగులతో కలిసి విడిపోతుంది.

చాంబర్ దించి చూసేది

ఇప్పుడు కిందికి దూరండి. స్టాండ్లు ఇంకోసారి కదిపి చూసుకున్నాకే. ఆయిల్ పూర్తిగా కారాక బోల్టులు విప్పండి. చాంబర్ తేలిగ్గా దిగకపోతే క్రాంక్ బరువులు అడ్డం పడుతున్నట్టు, ఇంజిన్ కొంచెం తిప్పితే దారి వస్తుంది.

దించగానే కడిగేయకండి. ముందు అడుగున ఉన్న బురదని వేళ్లతో రుద్ది చూడండి. నల్లగా జిగటగా ఉంటే మామూలే. కాఫీపొడిలా పలుకులు పలుకులుగా ఉంటే ఎండి గట్టిపడినట్టు. అందులో వెండి రంగు మెరుపు రేణువులు తేలుతుంటే మాత్రం అది బాబిట్, ఏదో ఒక రాడ్ ఇప్పటికే అరిగింది. అయస్కాంతం పెడితే ఆ రేణువులు అంటుకోవు. అంటుకుంటే అవి ఇనుపవి, కారణం వేరేచోట వెతకాలి.

తర్వాత కిరసనాయిలుతో తొట్లు, గొట్టాలు అన్నీ కడగండి. ఒక్కో నాజిల్‌లో సన్నటి రాగి తీగ దూర్చి, అటుపక్కనుంచి గాలి కొట్టండి. ఉక్కు తీగ వాడితే రంధ్రం పెద్దదవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, నాజిళ్లని వంచకండి. ధార సరిగ్గా గరిటె నోటికి తగిలేలా ఫ్యాక్టరీలో వాటి దిశ పెట్టారు. ఒకటి వంగి ఉందని అనుమానం వస్తే దాన్ని సరిచేసే గేజ్ ఉంటుంది, పాత షెవర్లేల క్లబ్బుల్లో అడిగితే ఎవరో ఒకరు ఇస్తారు. పంపు నోటి దగ్గరి జల్లెడనీ కడగడం మర్చిపోవద్దు.

చాంబర్ కింద ఉండగానే రాడ్లు ఒక్కొక్కటీ పట్టుకుని పైకి కిందికి లాగి చూడండి. ఆట తెలిస్తే ఆ రాడ్ క్యాప్ విప్పి ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పుని బట్టి సందు చెప్పే సన్నటి ప్లాస్టిక్ తీగ) పెట్టి సందు కొలవాలి. క్యాప్ కింద పలచని రేకులు ఉంటాయి. అరుగుదల కొంచెమే అయితే ఒక రేకు తీసి సందు తగ్గించవచ్చు, ఈ ఇంజిన్ అలాగే రూపొందింది. రేకు తీశాక రాడ్‌ని చేత్తో పక్కలకి జరిపితే జరగాలి. బిగుసుకుపోతే రేకు మళ్లీ పెట్టేయండి. ఒక రాడ్ క్యాప్ ఇంకోదానికి మారకూడదు, తిరగేసి పెట్టకూడదు, కాటర్ పిన్నులు పాతవి మళ్లీ వాడకూడదు. బాబిట్ పగిలి ఊడిపోతుంటే మాత్రం అది ఇంట్లో అయ్యే పని కాదు. బాబిట్ పోసిచ్చే వర్క్‌షాపుకే పంపాలి.

కొత్త ప్యాకింగ్ పెట్టి చాంబర్ ఎక్కించి ఆయిల్ పోశాక, ఇంకో జాగ్రత్త. డిస్ట్రిబ్యూటర్ దగ్గర రోటర్ ఎటు చూస్తోందో గీత పెట్టుకుని దాన్ని పైకి లాగేయండి. ఆయిల్ పంపు షాఫ్ట్ ఆ రంధ్రం అడుగునే ఉంటుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ ముక్కని డ్రిల్లింగ్ మిషన్‌కి బిగించి, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో మెల్లగా తిప్పండి. డ్రిల్ బరువెక్కినట్టు తెలుస్తుంది, ఆయిల్ మీటర్ ముల్లు కదులుతుంది. అంటే ఇంజిన్ ఇంకా తిరగకముందే తొట్లు నిండుతున్నాయన్నమాట. ఆ మీటర్ 30 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకానే ఉంటుంది. రోడ్డు మీద 14 దగ్గర, ఐడిల్‌లో ఇంకా కిందికి చూపిస్తే కంగారుపడక్కర్లేదు, ఈ ఇంజిన్ తీరే అంత.

ఆరు వోల్టుల కరెంటు

సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని బ్యాటరీ మీద, మోటార్ మీద డబ్బు పోసేవాళ్లు చాలామంది. తప్పు సాధారణంగా కేబుళ్లది. ఈ బండి ఆరు వోల్టులది, నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ నెగటివ్ కొన బండి ఇనుముకి కలిపి ఉంటుంది). అదే పనికి 12 వోల్టుల బండి కంటే రెట్టింపు ఆంపియర్లు కావాలి. కేబుల్‌లో, తుప్పు పట్టిన కనెక్షన్లలో ఒక్క వోల్టు పోయిందనుకోండి, 12లో అది పన్నెండో వంతు, ఆరులో ఆరో వంతు. కాబట్టి ఆటో షాపులో రెడీగా వేలాడే సన్న కేబుళ్లు పనికిరావు. 1/0 లేదా 2/0 గేజ్ కేబుల్ చేయించుకోండి.

బ్యాటరీ క్యాబ్‌లో కుడివైపు ఫ్లోర్ కింద ఉంటుంది. కంటికి కనపడదు కాబట్టి దాని ఎర్త్ కనెక్షన్‌ని ఎవరూ శుభ్రం చేసి ఉండరు. రంగు, తుప్పు గీకి మెరిసే ఇనుము కనపడేదాకా రుద్దండి. ఇంజిన్ రబ్బరు మీద కూర్చుంటుంది, దానికి విడిగా ఎర్త్ పట్టీ ఉండాలి. పరీక్ష చాలా తేలిక: మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి, ప్లగ్గులు లేకుండా కాలితో స్టార్టర్ నొక్కించండి. మీటర్ ఒక వోల్టులో ఐదో వంతు దాటితే ఎర్త్ ఇంకా సరిగ్గా లేదు.

డైనమో విప్పి ఉంటే, స్టార్ట్ చేసేముందు కటౌట్ (డైనమో చార్జింగ్‌ని అదుపుచేసే పెట్టె) మీద బ్యాటరీ టెర్మినల్‌నీ డైనమో టెర్మినల్‌నీ ఒక వైర్ ముక్కతో క్షణంపాటు తాకించి తీసేయాలి. లేకపోతే చార్జింగ్ తలకిందులై కటౌట్ పాయింట్లు కాలిపోవచ్చు. ఇది ఇలాంటి డెల్కో రెమీ డైనమోలకి మాత్రమే. అదే కాలపు ఫోర్డ్ పికప్ మీ దగ్గరుంటే అది పాజిటివ్ ఎర్త్, పద్ధతి వేరు.

స్పార్క్ రాకపోతే ముందు డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటుని కలిపి విడదీసే కొనలు) చూడండి. ఏళ్లు ఆగిన పాయింట్ల మీద కంటికి కనపడని పొర పేరుకుంటుంది. సన్న ఆకురాయితో రుద్ది, శుభ్రమైన కాగితం ముక్క మధ్య నుంచి లాగితే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు స్పార్క్ అందుకునే వరస) 1-5-3-6-2-4. టైమింగ్ గుర్తు ముందు పుల్లీ మీద వెతక్కండి, అది ఫ్లైవీల్ మీద ఉంటుంది. సెల్ఫ్ మోటార్ దగ్గర హౌసింగ్‌లో చిన్న కిటికీ, అందులోంచి చూస్తే ఫ్లైవీల్‌లో దిగ్గొట్టిన ఉక్కు గుండు. దాని మీద తెల్ల రంగు చుక్క పెడితే తర్వాత సుఖం.

పెట్రోల్ సంగతి క్లుప్తంగా. ఈ బండి ట్యాంకు క్యాబ్ లోపలే, సీటు వెనక ఉంటుంది. అందులో మిగిలిన పాత పెట్రోల్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ స్టార్ట్ చేయకండి. మొదటి స్టార్ట్‌కి చిన్న క్యాన్‌లోంచి నేరుగా పంపుకి పైపు ఇస్తే చాలు. పంపు డయాఫ్రం పాతదైతే ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి తట్టుకోదు, కొత్త కిట్ వేయండి. ట్యాంకు, కార్బొరేటర్ ఆరో పాఠంలో విడిగా చేస్తాం.

స్టార్ట్ చేసే రోజు గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి, పొగ బయటికి పోయేలా పైపు పెట్టండి. మూసిన గరాజ్‌లో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే దూరంలో ఉండాలి. రాకర్ కవర్ తీసే ఉంచండి. స్టార్ట్ అయ్యాక రాకర్ షాఫ్ట్ మీదికి ఆయిల్ ఊరుతూ వస్తోందా అని చూడాలి. కాసేపటికీ రాకపోతే ఆపేయండి, పైకి వచ్చే ఆయిల్ గొట్టం మూసుకుంది. అంతా బాగుంటే ఇంజిన్ వేడెక్కేదాకా తిప్పి, ఆపి, ఆ వేడి మీదే ఆయిల్ మార్చేయండి. ఫిల్టర్ లేని ఇంజిన్‌కి ఆయిల్ మార్పే ఫిల్టర్.

వచ్చే పాఠం బ్రేకులు. 3100 పికప్పులకి 1951 నుంచి బ్రేకులు వేరే రకం వచ్చాయి కాబట్టి, సామాను ఆర్డర్ పెట్టేముందు మీ బండి ఏ ఏడాదిదో టైటిల్ కాగితం మీద కాక తలుపు దగ్గరి ప్లేట్ మీద చూసి రాసుకోండి. ఇంజిన్ ఎంత మధురంగా తిరిగినా అప్పటిదాకా బండిని స్టాండ్ల మీద నుంచి దించొద్దు.